‘లాకుల కబుర్లు’ డైరీ: తీసుకునేవాళ్లు, ఎదురుచూసేవాళ్లు

మే, కాలువలు కట్టేశారు

పని ఏమిటో ముందు రాసుకుంటున్నాను. నెలకో కాగితం. ఏ4 సైజు, రెండు వైపులా అచ్చు. పేరు ‘లాకుల కబుర్లు’. అందులో ఉండేవన్నీ మా కోనసీమ కాలువ సంగతులే: నీటి మట్టం సర్ది పడవల్ని దాటించే తలుపుల లాకులు, ఆ గేట్లనీ గట్టునీ చూసుకునే లస్కర్లు, రేవులు, పాత పడవలు, వరదలు, గట్టు మీది చెట్లు. పార్టీల గొడవలు, సినిమాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు ఉండవు.

“ఎవరు చదువుతారమ్మా ఇదంతా?” అన్నారు మా అత్తగారు. అడగాల్సిన మాటే. రాయడం నాకు బరువేం కాదు, బడిలో తెలుగు చెబుతాను కాబట్టి చెయ్యి తిరిగిన పనే. ఒకసారి చదివిన మనిషి వచ్చే నెల తనంతట తనే “కాగితం వచ్చిందా?” అని అడగాలి. అలా అడుగుతారా లేదా, అడిగితే దేనివల్ల అడిగారు అన్నదే ఈ డైరీలో రాసుకుంటూ పోతాను.

మే నెల ఎంచుకోవడానికి కారణం ఉంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడం, షట్టర్లు బాగుచేయడం లాంటివన్నీ ఈ రోజుల్లోనే. కాలువ అడుగు కనబడుతుంది, లస్కర్లకు కాస్త తీరిక దొరుకుతుంది. నీళ్లున్నప్పుడు “తర్వాత రండి టీచరు గారూ” అని సైకిలెక్కి వెళ్లిపోయే మనిషి ఇప్పుడు చింతచెట్టు కింద కూర్చుని మధ్యాహ్నమంతా చెప్పాడు. నోట్సు నిండిపోయింది.

మొదట మొత్తం డెల్టా గురించి రాద్దామనిపించింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు. కోనసీమది మధ్య డెల్టా. అంత విస్తారం ఒక కాగితంలో పెడితే అందరికీ కొంచెం కొంచెం నచ్చుతుంది, ఎవరికీ తమదనిపించదు. లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలాక మా వైపు వచ్చే ఒక్క కాలువ, దాని గట్టు మీది ఊళ్లు, ఇంతవరకే గీత గీసుకున్నాను. లొల్ల లాకులంటే జనానికి సినిమా షూటింగులే గుర్తొస్తాయి. ఆ గేట్లు ఎత్తి దించే మనుషులు ఎవరికీ గుర్తురారు. నాకు కావలసింది వాళ్లే.

ఒక జాగ్రత్త కూడా పడ్డాను. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి చట్టం పోయి 2023లో కొత్త చట్టం వచ్చింది. ప్రజా సంబంధమైన వార్తలు, వాటి మీద వ్యాఖ్యలతో క్రమం తప్పకుండా అచ్చయ్యే పత్రికలు దాని కిందికి వస్తాయి. అందుకని వార్తల జోలికే వెళ్లకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయం ఫిబ్రవరిలో నా పీకకు చుట్టుకుంది, అది తర్వాత.

జూన్, నీళ్లు వదిలారు

అచ్చు సంగతి. అమలాపురంలో ట్యూషన్ సెంటర్ల పరీక్ష పేపర్లు కొట్టే రైజో మిషను దగ్గరికి వెళ్లాను. రైజోలో మాస్టర్‌కి, అంటే పేజీ మూసకి, ఒకసారి డబ్బు పెడితే చాలు, తర్వాత కాపీకి పడేది కాగితం ఖర్చూ కాస్త ఇంకు ఖర్చూ. పది కాపీలకైతే జిరాక్స్ నయం, రెండు వందలకైతే రైజో.

డీటీపీ కుర్రాడు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తాడు. నేను ఫోన్లో టైపు చేసేది యూనికోడ్. మారిస్తే వత్తులు చెదిరిపోతాయి, ఎక్కడెక్కడ చెదిరాయో వెతకడం కంటే మళ్లీ టైపు చేయడమే సులువంటాడు. అతని చేత రెండుసార్లు పని చేయించడం, నేను రెండుసార్లు ప్రూఫులు చూడటం ఎందుకని లిబ్రే ఆఫీసులో పేజీ నేనే కట్టి పీడీఎఫ్ ఇచ్చేస్తున్నాను. ఫాంటు ‘మండలి’. పత్రికల కోసమని తయారుచేసిన ఉచిత ఫాంటు అది, వత్తులు విడిగా కనబడతాయి.

అక్షరం సైజుకి మా అత్తగారే పరీక్షాధికారి. పదకొండు పాయింట్లలో ఒకటి, పద్నాలుగులో ఒకటి నమూనాలు తీయించి ఆవిడ చేతికిచ్చాను. మొదటిది తిరగేసి మంచం మీద పెట్టేశారు. రెండోది కళ్లద్దాలు తెప్పించుకుని చివరిదాకా చదివారు. పద్నాలుగే ఖాయం. మూడో వంతు మేటరు తగ్గించాల్సి వచ్చింది, అదీ మంచికే. ఫోటోలు రైజోలో నల్లటి మరకల్లా వస్తాయి. గీతల బొమ్మలైతే శుభ్రంగా వస్తాయి. లాకు బొమ్మ మా బళ్లో ఎనిమిదో తరగతి పిల్ల వేసిచ్చింది.

తొలి సంచికలో రహదారి పడవల గురించి రాశాను. రోడ్లు లేని కాలంలో కాలువ మీద జనాన్ని మోసిన పడవలు. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. లాకులో పడవ దూరాక వెనక తలుపులు మూసి, ముందు మట్టానికి నీళ్లు సర్దేదాకా ప్రయాణికులు దిగి కాళ్లు సాగదీసుకునేవారు. తొంభై దాటిన ఒక తాతగారు చెప్పిన వివరాలివి. ఆయన పేరు, ఊరు కింద అచ్చువేశాను, ఆయన్ని అడిగే.

విడుదల తేదీ ప్రతి నెలా ఒకటో తారీఖు. పింఛన్లు ఇచ్చే రోజు కాబట్టి పెద్దవాళ్లంతా ఇంటిపట్టునే ఉంటారు. నాకు కథలు చెప్పేదీ, ముందుగా చదివేదీ వాళ్లే.

జూలై, పంటు దగ్గరా సెలూన్ దగ్గరా

ఈ నెల నేర్చుకున్నది ఎక్కువ, కాబట్టి వివరంగా.

కాపీలు కట్టలు కట్టి రకరకాల చోట్ల పెట్టించాను. ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే జనాన్ని నది దాటించే పెద్ద పడవ, ఎక్కే చోట, మా ఊరి టీ కొట్టు, సెలూన్, రైసుమిల్లు, శాఖా గ్రంథాలయం. పంటు మీద నాకు పెద్ద ఆశ. అవతలి గట్టున ఉన్న కోటిపల్లికి వెళ్లే జనం గోదావరి పాయ గౌతమి దాటేంతసేపూ ఖాళీగా కూర్చుంటారు, చేతిలో కాగితం పెడితే చదవక ఏం చేస్తారు?

చదివారు కూడా. పెద్ద కట్ట అక్కడే పెట్టించాను, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మా తమ్ముడు ఫోన్ చేసి “అక్కా, ఇంకో కట్ట పంపు” అన్నాడు. సంబరపడ్డాను.

రెండో సంచిక వచ్చాక అదే పంటు దగ్గర నిలబడ్డాను. ‘లాకుల కబుర్లు’ గుర్తుందా అని అడిగితే ఒక్కరూ తలూపలేదు. పంటు ఎక్కే మనుషులు రోజూ మారిపోతారు. పెళ్లికి వెళ్లేవాళ్లు, కోటిపల్లి గుడికి వెళ్లేవాళ్లు, కాకినాడ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు. కాగితం తీసుకున్నారు, చదివారు, అవతలి గట్టున దిగి తమ దారిన పోయారు. అందులో వాళ్ల తప్పేముంది?

సెలూన్లో పెట్టించింది ఒక్క కాపీ. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అద్దం పక్కన వేలాడదీశాడు. ఎవరూ పట్టుకుపోలేదు. కానీ ఊళ్లో మగవాళ్లంతా నెలకోసారైనా ఆ కుర్చీలో కూర్చునేవాళ్లే. ఒకరు చదువుతుంటే పక్కవాడు “మా తాత ఆ పడవ లాగాడ్రా” అంటాడు, మూడోవాడు కాదంటాడు. ఒకటో తారీఖు నాడు బడికి పోతుంటే సెలూనాయన గుమ్మంలోంచి కేకేశాడు.

“టీచరు గారండీ, ఈ నెల కాగితం ఇంకా రాలేదేంటండీ? పొద్దున్నుంచీ అడుగుతున్నారండీ.”

“సాయంత్రానికి పంపిస్తానండీ. ఎవరడిగారు?”

“ఆయ్, చానామందండీ. కటింగు లేనోళ్లు కూడా వచ్చి అడిగిపోతన్నారండీ.”

ఆ రోజు నుంచి లెక్క మార్చేశాను. ఎన్ని కాపీలు పోయాయో రాసుకోవడం మానేశాను. ఎవరు అడిగారో రాసుకుంటున్నాను. పేరు, ఊరు, ఏం అడిగారు. పంటు కట్ట తీసేశాను. మా తమ్ముడికి ఇప్పటికీ అది గిట్టదు. “వచ్చే జనాన్ని వదులుకుంటావేంటక్కా” అంటాడు. రాని జనాన్ని నేనేం వదులుకున్నాను?

చివరి పేజీ అడుగున చిన్న ప్రశ్న ఒకటి వేయడం కూడా ఈ నెలే మొదలు. పైనుంచి కిందిదాకా చదివితేనే కనబడే చోట. మొదటి ప్రశ్న: గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీది పాత అక్విడెక్టుకు ఎన్ని ఆర్చీలు? నది మీదుగా కాలువని దాటించి నగరం దీవికి నీళ్లిచ్చిన కట్టడం అది, 1850ల నాటిది. పక్కనే కొత్తది 2000లో వచ్చింది, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గర వాదన పెరిగి ఇద్దరు కుర్రాళ్లు బండేసుకుని వెళ్లి లెక్కపెట్టారు. పొదలు అడ్డొచ్చి ఒకడి లెక్క ఇంకొకడికి కలవలేదు. పాత రికార్డుల ప్రకారం 49, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. జవాబు అచ్చువేసిన సంచిక కోసం ఆ ఇద్దరూ ముందురోజే మా ఇంటికి వచ్చేశారు.

ఆగస్టు, వరద

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువన భద్రాచలం దగ్గరైతే 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు ఏటా టీవీలో వింటాం. విన్న ప్రతి ఇంట్లోనూ పుట్టే ప్రశ్న మాత్రం వేరు: ఆ మట్టానికి మా వీధిలోకి నీళ్లొస్తాయా రావా?

ఆ జవాబు టీవీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. ఊళ్లో వాళ్ల దగ్గరుంది. అందుకని సంచిక రెండో వైపంతా ఒక పట్టిక వేశాను. ఎడమవైపు ధవళేశ్వరం అంకెలు, 11.75 నుంచి పైకి, మధ్య మెట్లతో సహా. కుడివైపు ఖాళీ గడులు. పైన “ఈ మట్టానికి మా దగ్గర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?” అని ఒక్క వాక్యం. పెన్సిలుతో నింపి గోడకి అంటించుకోమన్నాను. మా కాలువ ఊళ్లకే కాకుండా నది మధ్య లంకల్లో ఉన్న చుట్టాలకూ పంపించాను. ఇక్కడ నేను గీసుకున్న గీత దాటాను, వరద గీతలు చూసి రాదు కదా.

ఇంతవరకూ అచ్చువేసిన వాటిలో జనం దాచుకున్న మొదటి పేజీ ఇదే. కనకాయలంక వైపు నుంచి ఒకాయన కాజ్‌వే ఏ అంకెకి మునుగుతుందో, పడవ ఏ అంకెకి ఆపేస్తారో రాసి పంపారు. ఒకావిడ గడుల్లో అంకెలకి బదులు వస్తువుల పేర్లు రాశారు: పశువుల పాక, తులసికోట, అరుగు రెండో మెట్టు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలకి పట్టిక చాల్లేదు, పైన ఖాళీ జాగాలో చేత్తో ఇంకో గడి గీసి నింపారు.

నీళ్లు తగ్గాక నిండిన పట్టికలు చాలా వరకు చేతికొచ్చాయి. ఊరివారీగా కలిపి వచ్చే ఏడాది వానలకు ముందు అచ్చువేస్తానని చెప్పాను. ఆ మాటతో ఒక ఏడాదికి సరిపడా పని నెత్తిన పడింది. కాగితం ఆగిపోతుందేమో అన్న అనుమానం మాత్రం ఊళ్లో పోయింది. వచ్చే ఏడాది కూడా ఉంటుందని అచ్చులో చెప్పేశాం కదా.

సెప్టెంబరు, పులస

అందరూ పులస మీద రాయమన్నారు. రాశాను. సముద్రంలో ఇలస, గోదారి ఎర్రనీటికి ఎదురీదాక పులస, ఖరీదు, కూర, పుస్తెలమ్మైనా తినాలన్న సామెత. అన్నీ అందరికీ తెలిసినవే. కాపీలు చాల్లేదు, ఇంకో వంద కొట్టించాం. ఫోటోలు తీసి హైదరాబాదు దాకా పంపుకున్నారు. వచ్చే నెల అడిగినవాళ్ల జాబితాలో ఆ కొత్తవాళ్లలో ఒకరిద్దరికి మించి లేరు.

అదే సంచిక వెనకవైపు లస్కరు దినచర్య వేశాను. తెల్లారకుండా గట్టు వెంట తిరగడం, మట్టం చూసి షట్టరు ఎంత ఎత్తాలో నిర్ణయించడం, అడ్డుపడ్డ గుర్రపుడెక్క లాగెయ్యడం. దాని గురించి అడిగినవాళ్లు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందీ లస్కర్ల ఇళ్లవాళ్లు, రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు. వాళ్లు ఒక్క నెల కూడా తప్పలేదు. పులస మీద ఇక రాయను.

అక్టోబరు, నవంబరు

అడిగినవాళ్ల జాబితా తిరగేస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. దాదాపు అందరూ మగవాళ్లే. టీ కొట్టు, సెలూన్, మిల్లు, గ్రంథాలయం, నేను ఎంచుకున్న చోట్లన్నీ అలాంటివే మరి. ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? డ్వాక్రా మీటింగులో కూర్చుంటారు, కానీ అక్కడ వాయిదాల టెన్షన్, సంతకాలు కాగానే లేచిపోతారు. తీరిగ్గా కూర్చునేది మిషను కుట్టే పిన్ని ఇంట్లో. జాకెట్టు ఆది ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి, సరిచేయించుకోవడానికి మరోసారి. పిన్ని కుడుతూ ఉంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. కాబట్టి కాగితం చదివి వినిపించడానికి వీలుగా ఉండాలి. వాక్యాలు పొట్టివి చేశాను. ఊపిరి ఆగే చోట వాక్యం ఆగాలి. బ్రాకెట్లు పూర్తిగా తీసేశాను.

నవంబరు సంచిక ఆ ఇంట్లోనే పుట్టింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి మాట వచ్చింది. ఎవరో “ఆ రాత్రి మా పెద్దాడు కడుపులో ఉన్నాడు” అన్నారు. ఇంకంతే. బడి భవనంలో తలదాచుకున్న సంగతి ఒకరు, పాక మీది తాటాకులు ఎగిరిపోయిన సంగతి ఒకరు. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడి ఉన్నాయట. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లూ ఇంట్లో ఏం అమ్మారు, ఏం తాకట్టు పెట్టారు, ఏ పిల్ల చదువు ఆగింది, ఇవన్నీ ఎప్పుడూ ఎక్కడా అచ్చవలేదు. తుపాను వార్తల్లో గాలి వేగం ఉంటుంది, చనిపోయినవాళ్ల లెక్క ఉంటుంది. ఆ తర్వాత ఐదారేళ్ల సంసారం ఉండదు.

నేను రాయలేదు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. అచ్చుకు ముందు మళ్లీ అక్కడే చదివి వినిపించాను. ఒకావిడ తన తాకట్టు సంగతి తీసేయమన్నారు, తీసేశాను. ఇంకొకావిడ “నా పేరు వెయ్యకు గానీ మా ఊరు పేరెయ్యి” అన్నారు. అలాగే వేశాను.

ఈ సంచిక ఎంతమంది అడిగారో చెప్పను గానీ, ఎలా అడిగారో రాయాలి. ఒక తల్లి కువైట్‌లో పనిచేస్తున్న కూతురికి ఫోన్లో మొత్తం చదివి వినిపించింది. ఆ పిల్లకి తుపాను నాటికి నాలుగేళ్లు. తర్వాత ఆ తల్లి మా ఇంటికి వచ్చి, “అమ్మాయి ప్రతి నెలా చదవమంటందండీ. ఒకటో తారీఖు శుక్రవారం వస్తే దానికి సెలవంట, ఆ నెల మాత్రం నాకు ముందే ఇచ్చెయ్యండి” అంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లు ఎంతోమంది. కాగితం వాళ్లదాకా చేరుతుందని నా ఊహకి కూడా అందలేదు. అమ్మ గొంతులో చేరింది.

డిసెంబరు, డబ్బులు

ఇప్పటిదాకా ఖర్చు నా జీతంలోంచే. ఐదు రూపాయలు ధర పెట్టాను, ప్రతి చోటా ఒక డబ్బా. తీసుకునేవాళ్లు తగ్గారు, అడిగేవాళ్లు తగ్గలేదు. రైజో ఖర్చు వచ్చేస్తోంది, నా బస్సు ఛార్జీలు రావడం లేదు.

ప్రకటనల సంగతి కూడా వచ్చింది. సంక్రాంతి సంచిక ఖర్చంతా తనే పెట్టుకుంటానని ఒక నాయకుడి మనుషులు కబురు పంపారు. బదులుగా మొదటి పేజీలో ఆయన ఫోటో, శుభాకాంక్షలు. మా ఊరి సెంటరులో ఫ్లెక్సీల మధ్య నుంచి ఆకాశం వెతుక్కోవాలి, ఇప్పుడు కాగితంలోకి కూడానా? మర్యాదగా వద్దన్నాను. “ఫోటో నల్లగా వస్తుందండీ రైజోలో” అని చెప్పాను. అబద్ధమేం కాదు.

కొబ్బరి మొక్కలు పెంచే ఒకాయన రెండు లైన్ల ప్రకటన అడిగితే మాత్రం వేశాను. ఆయన తుపాను సంచిక చదివి వచ్చారు.

జనవరి, ప్రభలు

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన అలంకారపు చట్రాలు, వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తారు. నిండు కాలువలో అంత ఎత్తు ప్రభని ఒరగకుండా దాటించడం చూసి తీరాలి. అక్కడ ఐదొందల కాపీలు పంచుదామన్నాడు మా తమ్ముడు. పంటు సంగతి గుర్తుచేశాను.

కాగితాలు తీసుకెళ్లలేదు, నోటు పుస్తకం తీసుకెళ్లాను. పండక్కి హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు తీర్థంలో దొరుకుతారు. చిన్నప్పుడు ఏ రేవులో ఈత నేర్చుకున్నావని అందరినీ ఒకటే ప్రశ్న అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకి ముక్కూమొహం తెలియని మనుషులు కూడా నిలబడి చెప్పారు. ఇప్పుడు లేని రేవుల పేర్లు ఎన్నో వచ్చాయి. ఫిబ్రవరి సంచికలో అన్నీ వేశాను, చెప్పినవాళ్ల పేర్లతో. వాళ్లలో కొందరు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేరు మీద ఏడాది చందా కట్టించారు.

ఫిబ్రవరి, వంతులు

దాళ్వాకి నీళ్లు వంతులవారీగా ఇవ్వడం మొదలైంది. శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరి పొలాల, రైతులు ఇద్దరు ఇంటికి వచ్చారు. పైవాళ్లు రాత్రిపూట తూములు ఎత్తేస్తున్నారని, తమ వంతు నాడు చేను తడవడం లేదని, అది ‘లాకుల కబుర్లు’లో వెయ్యాలని.

“వార్తలు వెయ్యనండీ” అన్నాను.

“కాలవ కాగితం అంటారు, కాలవలో నీళ్లు రాకపోతే ఎయ్యరా? మరి దేనికండీ అది?” అన్నారు పెద్దాయన.

నా దగ్గర సూటి జవాబు లేదు. పేర్లు పెట్టి వేస్తే ఎగువ ఊళ్లవాళ్ల మాట కూడా వెయ్యాలి, అప్పుడది తగాదా కాగితం అవుతుంది. రిజిస్ట్రేషన్ సంగతి సరేసరి. వెయ్యకపోతే పాత పడవల ముచ్చట్లతో కాలక్షేపం చేస్తున్నట్టే. చివరికి 1997 చట్టంతో ఏర్పడ్డ నీటి వినియోగదారుల సంఘాల గురించి ఒక పేజీ రాశాను: సంఘంలో ఎవరుంటారు, వంతుల మీద ఫిర్యాదు ముందు ఎవరికి ఇవ్వాలి, కాగితం మీద ఇస్తే నకలు మీద సంతకం ఎందుకు తీసుకోవాలి. రిటైరైన లాకు ఉద్యోగి ఒకాయన పక్కన కూర్చుని ప్రతి మాటా చూశారు.

ఆ ఇద్దరిలో ఒకాయన అప్పట్నుంచి కాగితం తీసుకోవడం మానేశారు. రెండో ఆయన ఫిర్యాదు రాయించుకోవడానికి మా ఇంటికే వచ్చారు. మానేసినాయన కోసం ప్రతి నెలా ఒక కాపీ టీ కొట్టులో ఉంచుతున్నాను. ఇంతవరకూ ముట్టుకోలేదు.

మార్చి, ఇప్పటి పరిస్థితి

గట్టు మీది ఊళ్లలో కాగితం పంచే పని ఇక నాది కాదు. ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరు తీసుకున్నారు: సెలూనాయన, మిషను పిన్ని, పాలకేంద్రం కుర్రాడు, ఆర్చీలు లెక్కపెట్టిన ఇద్దరిలో ఒకడు. వాళ్లకి కాపీలతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చాను. అడిగినవాళ్ల పేర్లు అందులో రాస్తారు. పిన్ని పేర్లతో పాటు జాకెట్ల కొలతలు కూడా అందులోనే రాసేస్తోంది, ఏది ఏదో తెలుసుకోవడం ఒక పని.

1935లో పక్కనున్న కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు రేవు రేవుకీ వెళ్లేవి. అది చదివాక మా తమ్ముడికి పడవ మీద మనసు పుట్టింది. ఇప్పుడు మా కాలువలో పడవ తిప్పాలంటే గుర్రపుడెక్క ముందు తీయాలి. పాలవ్యాను చాలని చెప్పాను, రోజూ ఒకే వేళకి వస్తుంది, అన్ని ఊళ్లూ తిరుగుతుంది.

ఏప్రిల్‌లో చేయాల్సినవి. నిండిన వరద పట్టికలు ఊరివారీగా కలపాలి. రెండు ఊళ్ల అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదు, ఆ ఇళ్లకి వెళ్లి అడగాలి. కాపీల సంఖ్య పెంచేది లేదు. మళ్లీ కాలువలు కట్టేసేలోపు పాత రేవుల పటం ఎనిమిదో తరగతి పిల్ల చేత గీయించాలి, దానికి పరీక్షలయ్యాక. ఈ నెల చివరి పేజీ ప్రశ్న: మీ ఊరి రేవు మెట్లు ఎవరు కట్టించారు, రాయి ఎక్కడి నుంచి తెచ్చారు? తెలిసినవాళ్లు సెలూన్లోనో పిన్ని దగ్గరో చెప్పి వెళ్లొచ్చు, ఇరవై ఐదో తారీఖు లోపల అయితే ఈ సంచికలోనే పడుతుంది.